బంగారం తీశాక మిగిలే గుట్ట

ఈ మధ్య ఒక ఆదివారం బెంగళూరులో పదిపన్నెండుమంది తెలుగువాళ్ళు ఒకచోట చేరారు. అందులో నలుగురు అంతకు ముందు వారమే మూతపడ్డ కోలారు బంగారు గనులు చూసొచ్చారు. ఫోన్లు చేతులు మారుతున్నాయి. బంగారం తీశాక పారబోసిన రాతిపిండి పేరుకున్న తెల్లటి గుట్ట, వాన కోసిన గాడులు, సాయంత్రపు ఎండ, నడుమ చున్నీ ఎగరేస్తూ ఒకమ్మాయి. "ఈ గుట్టల్ని తవ్వేస్తారటండీ, హెరిటేజ్ కింద కాపాడుకోవద్దూ!" అన్నారొకరు. "అందులో ఇంకా బంగారం ఉందటగా, తీసుకుంటే తప్పేముంది?" అన్నారింకొకరు. మాట రెండు జట్లుగా చీలి బాగానే వేడెక్కింది. గనుల ఊరైన మారికుప్పం నుంచి రైలుబండిలో రోజూ బెంగళూరు వచ్చిపోయే ఒకాయన కూడా అక్కడున్నాడు. వాళ్ళ నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడట. చాలాసేపు ఊరుకుని, చివరికి కోలారు తెలుగులో ఒకే మాటన్నాడు: "ఫొటోకి బాగుంటాది సార్. గాలి లేసినప్పుడు రాండి. అన్నం గిన్నె మీద మూత తీసేకి లేదు."

ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత మళ్ళీ బంగారం దగ్గరికే వచ్చారు.

ఆ రెండు జట్లూ ఒకే చోట తప్పటడుగు వేశాయని నా వాదన. కాపాడాలన్నవాళ్ళు గుట్ట ఉంటుందా పోతుందా అని చూస్తున్నారు. తవ్వాలన్నవాళ్ళు బంగారం వస్తుందా రాదా అని చూస్తున్నారు. బంగారం తీసేసిన తర్వాత కూడా ఆ గుట్ట దాదాపు ఉన్నంతా ఉంటుందన్న సంగతి ఎవరి లెక్కలోకీ రావట్లేదు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సుమారు 1,003 ఎకరాల్లోని 13 గుట్టల్ని మళ్ళీ శుద్ధి చేయించే కేంద్ర ప్రతిపాదనకు ఒప్పుకుంది కాబట్టి, ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాకుండా పోయింది.

ముందు కాస్త కూడికలు, తీసివేతలు

గుట్టల బరువు సుమారు 3.3 కోట్ల టన్నులని లెక్క. టన్నుకు సగటున 0.7 గ్రాముల బంగారం ఉందంటారు. గుణిస్తే 23 టన్నులు. వినడానికి కళ్ళు తిరిగే అంకె. కానీ బంగారం ఎంత బరువో అంత చిక్కటి లోహం. ఘనపు మీటరు 19.3 టన్నులు తూగుతుంది. పాత గుట్ట నుంచి నూటికి 80 పాళ్ళు చేజిక్కిందని ఉదారంగా అనుకుందాం. వచ్చే బంగారమంతా మన మేడ మీది వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులో పట్టేస్తుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, 120 ఏళ్ళలో ఆ గనులన్నీ కలిసి తీసిన సుమారు 800 టన్నుల బంగారం కూడా ఎంతో చోటు పట్టదు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గది. బెంగళూరులో రెండు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకుంటే అందులో పెద్ద గది. అంతే. (ఆ గదికి అడ్వాన్సు ఎంత అడుగుతారో అన్న జోకు నాకూ తట్టింది, వదిలేద్దాం.)

ఆ గది నింపడానికి పైకి తెచ్చి పిండి చేసిన రాయి సుమారు 5.1 కోట్ల టన్నులు. ఇప్పుడు గుట్టలుగా కనబడేది 3.3 కోట్లు. మిగిలిన 1.8 కోట్లలో కొంత కింద ఖాళీలు పూడ్చడానికి తిరిగి పోయింది. కొంత నూరేళ్ళ వానలకు వాగుల్లోకీ చెరువుల్లోకీ కొట్టుకుపోయింది. ఎంతెంత అన్నది పక్కన పెట్టినా, కొట్టుకుపోయినది పాలారు పరీవాహకంలోనే ఎక్కడో మేట వేసుకుని ఉంది కదా. గుట్ట కదలకుండా కూర్చోలేదన్నమాట. నూరేళ్ళుగా కొంచెం కొంచెంగా నడుస్తూనే ఉంది.

ఇక అసలు తీసివేత. 3.3 కోట్ల టన్నుల్లోంచి 23 టన్నులు తీసేస్తే 3,29,99,977 టన్నులు మిగులుతాయి. 16 టన్నుల టిప్పర్లతో ఎత్తితే ఇరవై లక్షల పైచిలుకు లోడ్లు. "గుట్టలు పోతాయి" అనేవాళ్ళు ఇవి ఎక్కడికి పోతాయో కూడా చెప్పాలి.

లాల్‌బాగ్ బండ నుంచి పెద్దపల్లి దాకా

గుట్ట ఎందుకంత సన్నటి పిండిగా ఉంది, గాలికి ఎందుకు లేస్తుంది, ఊపిరితిత్తుల్ని ఎందుకు పట్టుకుంటుంది అన్నవాటికి జవాబు రాతిలో ఉంది. అందుకని కాస్త భూగర్భంలోకి వెళ్ళక తప్పదు.

బెంగళూరు వాళ్ళకు సగం పాఠం ఊళ్ళోనే ఉంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ బురుజు ఉన్న బండ మీద జనం వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారే, అది పెనిన్సులర్ నైస్. సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి. భూవిజ్ఞాన సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించి ఫలకం పెట్టారు. నలుపు తెలుపు చారలు దుప్పటి మడతల్లా వంపులు తిరిగి ఉంటాయి. అదే జాతి రాయి తూర్పుగా సాగి, కోలారు దగ్గర సన్నటి నల్లటి పట్టీకి అటూ ఇటూ గోడల్లా నిలబడుతుంది. ఆ పట్టీ పేరు కోలారు షిస్టు పట్టీ. ఉత్తర దక్షిణాలుగా 80 కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లే. దక్షిణపు కొస మన చిత్తూరు జిల్లాలోకి దిగుతుంది. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ కొస మీదివే.

ఈ నల్లరాయి సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందటి లావా. దానికి సాక్ష్యం కోలారు దగ్గర పెద్దపల్లిలో ఉంది. పేరు చూడండి, కర్ణాటకలో జాతీయ స్మారకానికి అచ్చ తెలుగు పేరు. అగ్నిపర్వతం చిమ్మిన రాతి ముక్కలు, దిండు లావాలు అక్కడ పైకే కనబడతాయి. లావా నీళ్ళలోకి పొర్లితే పై తోలు తటాలున చల్లబడి గట్టిపడుతుంది. లోపలిది ఇంకా ద్రవంగానే ఉండి తోలును చించుకుని ఇంకో దిండులా ఉబుకుతుంది. అట్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ప్రతి దిండుకూ పైభాగం గుండ్రంగా, కింద అంతకు ముందున్న దిండ్ల సందులోకి జారిన తోకలా ఉంటుంది. ఏ వైపు పైకో చెప్పడానికి భూవిజ్ఞానులకు ఆ తోకే ఆధారం. ఇప్పుడు ఎండిన చెరువులు, రాగి చేలు ఉన్నచోట ఒకప్పుడు నీళ్ళున్నాయని కూడా ఆ దిండే చెప్తుంది.

బంగారం లావాతోపాటు రాలేదు. ఆ తర్వాత, పక్క నైసుల మధ్య ఈ పట్టీ నలిగి బీటలు వారినప్పుడు, లోతు నుంచి వేడినీళ్ళు గంధకంతో జతకట్టిన బంగారాన్ని మోసుకొచ్చాయి. బీటలో ఒత్తిడి పడిపోవడం, ఇనుమున్న గోడరాయి గంధకాన్ని లాక్కోవడం వంటి కారణాల వల్ల బంగారం వదిలిపోయింది. దాని చుట్టూ స్ఫటికశిల, అంటే క్వార్ట్జ్, పేరుకుంది. గనివాళ్ళు 'రీఫు' అనేది ఈ పలకనే. ఛాంపియన్ రీఫు పొడవు ఎనిమిది కిలోమీటర్ల దాకా, మందం సగటున మీటరు. పడమటికి వాలుతూ, లోతుకు పోయినకొద్దీ నిట్టనిలువుగా మారుతుంది. మంచం వెడల్పంత మందమున్న తెల్లరాయి వెంటబడి మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా దిగారు!

ఇందులో ముఖ్యం ఏమిటంటే, ఆ తెల్లరాయి అంటే సిలికా. బంగారం అందులో చాలావరకు కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. రేణువును విడిపించాలంటే రాయిని దానంత సన్నగా నూరాలి. తొలినాళ్ళలో స్టాంపు మిల్లులు ఇనప రోకళ్ళతో దంచేవి. పాదరసం పూసిన రాగిరేకుల మీద ఆ బురద పారిస్తే దొరికినంత దొరికేది. 1887లో సయనైడ్ పద్ధతికి పేటెంటు వచ్చాక మిగిలినది కూడా కరిగించి పట్టే దారి దొరికింది. సయనైడ్ నీటిలో, గాలి తగిలేట్టు కలియబెడితే బంగారం కరుగుతుంది. ఆ ద్రావణంలో జింకు తురుము వేస్తే మళ్ళీ బయటపడుతుంది. అయితే సయనైడ్ అందాలంటే రాయి ఇంకా మెత్తబడాలి. దాంతో గొట్టపు మిల్లులు, బంతి మిల్లులు వచ్చాయి. సూక్ష్మంగా నూరిన కొద్దీ బంగారం ఎక్కువొచ్చింది, దుమ్ము కూడా అంతే సన్నబడింది. గుట్ట మీది పిండి వేళ్ళ మధ్య రుద్దితే టాల్కం పౌడరులా జారేది అందుకే.

జనం 'సయనైడ్ గుట్ట' అంటారు కానీ, పేరులో ఉన్న విషం కంటే పేరులో లేని విషమే ఇప్పుడు ముఖ్యం. పైపొరల్లోని సయనైడ్ ఎండకు, గాలికి చాలావరకు విరిగిపోతుంది. నీటి క్షారగుణం తగ్గితే ఆవిరై పోతుంది కూడా. సిలికా ఎక్కడికీ పోదు. రీఫుతోపాటు వచ్చిన ఆర్సెనోపైరైటు లాంటి గంధక ఖనిజాల ఆర్సెనిక్ కూడా పోదు. పడమటి వైపు రీఫుల్లో గంధకం ఎక్కువ, ఛాంపియన్ రీఫులో తక్కువ. కాబట్టి 13 గుట్టలూ ఒకే రకం కావు, ఏ మిల్లు ఏ రీఫు నూరిందో దాన్నిబట్టి గుణం మారుతుంది. ఒక గుట్టలో తీసిన నమూనాతో ఇంకో గుట్ట సంగతి చెప్పేవాళ్ళను నమ్మకండి.

సిలికా ఏం చేస్తుందో కోలారే దేశానికి మొదట అంకెల్లో చూపించింది. 1940లలో అక్కడ 7,653 మంది కార్మికుల్ని పరీక్షిస్తే 3,402 మందికి సిలికోసిస్, అంటే రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, తేలింది. నూటికి 44 మంది. అది గని లోపల డ్రిల్లు దుమ్ము పీల్చిన లెక్క. గుట్ట పక్క లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ళ వరసల్లో, బతికేవాళ్ళ మోతాదు అంత ఉండదు నిజమే. కానీ గనిలో షిఫ్టు ఎనిమిది గంటలు, లైన్లలో షిఫ్టు లేదు.

మళ్ళీ గని తెరవరెందుకు?

గుట్టల మాట పక్కనబెట్టి "అసలు గనే తెరవచ్చుగా" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కింద రీఫు అయిపోలేదు, అది నిజమే. దాన్ని అందుకునే ఖర్చు మాత్రం కొండెక్కింది. తొలి దశాబ్దాల్లో టన్నుకు 40 గ్రాములు దాటిన రాయి, 2001 ఫిబ్రవరి 28న మూసేనాటికి 3 గ్రాముల దగ్గరికి దిగింది. మూడు కిలోమీటర్ల కింద రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. నిజానికి కోలారు అదృష్టవంతురాలు, పాత గట్టి నేల కాబట్టి కిలోమీటరుకు పన్నెండు డిగ్రీల చొప్పునే వేడెక్కుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల అందుకు రెట్టింపు. మామూలు నేలలో అయితే ఆ లోతుకు మనిషి దిగేవాడే కాదు.

వేడిని చల్లటి గాలితో ఎలాగో ఎదుర్కొన్నారు. రాక్‌బరస్టులకు మాత్రం చివరిదాకా మందు దొరకలేదు. గట్టిరాతిలో రీఫు తీసేసిన ఖాళీకి రెండువైపులా పైరాతి బరువు పోగవుతుంది. మెత్తటి రాయి అయితే మెల్లగా కుంగి సర్దుకుంటుంది. కోలారు రాయి సర్దుకోదు, బిగబట్టి బిగబట్టి ఒక్కసారి పగులుతుంది. కర్రల ఆసరా నలిగిపోతుందని చెక్కిన గ్రానైటు రాళ్ళతో గోడలు కట్టి ఖాళీలు పూడ్చేవారు. తర్వాత కాంక్రీటు పోశారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ 1988లో అక్కడే మొదలు కావడానికి వెనక ఉన్న కథ ఇదే. పంపులు ఆగాక గనులు నీళ్ళతో నిండాయి. ఇప్పుడు తెరవాలంటే ముందు ఆ నీళ్ళు తోడాలి, ఆ తర్వాత నూరేళ్ళ పాత గోడలు ఏ స్థితిలో ఉన్నాయో చూడాలి. 3 గ్రాముల కోసం!

"మరి ఆ గుట్ట మట్టినే గనిలోకి తిరిగి పోయొచ్చుగా, ఎక్కడిది అక్కడికి చేరుతుంది" అన్నది ఇంకో మాట. న్యాయంగా వినిపిస్తుంది, నాకూ నచ్చిన ఆలోచనే. కానీ రాయిని పిండి చేస్తే ఉబ్బుతుంది. గట్టి రాయి ఘనపు మీటరు 2.7 టన్నులు, నూరిన పిండి ఒకటిన్నర. అంటే ఖాళీ అంతా ఖాళీగానే ఉన్నా, తీసిన రాతిలో సగం పైచిలుకే తిరిగి పడుతుంది. ఇక్కడ ఆ ఖాళీ కూడా మిగల్లేదు. చాలా భాగం గ్రానైటు గోడలతో నిండింది, కొంత కూలింది, మిగతాది నీళ్ళలో ఉంది. పై అంతస్తుల్లో అందినంత పూడ్చితే ఊరి కింద నేల కుంగకుండా లాభమే. దాంతో గుట్టల సమస్య తీరిపోతుందనుకుంటే మాత్రం లెక్క కుదరదు.

మళ్ళీ కడిగితే ఏమేం జరుగుతుంది

కాబట్టి మిగిలినది గుట్టల్ని మళ్ళీ శుద్ధి చేయడం. ఇది కొత్త విద్యేం కాదు, దక్షిణాఫ్రికాలో పాత గుట్టల్ని ఏళ్ళ తరబడి ఇలాగే కడుగుతున్నారు. గుట్ట పాదం దగ్గర నిలబడి, ఎక్కువ ఒత్తిడితో నీటిధార కొట్టి మట్టిని బురదగా జారుస్తారు. జల్లెడలో చెత్త, వేళ్ళు, పాత ఇనుము ఏరేసి, బురదను పైపుల్లో పంపుతారు. సున్నం కలిపి క్షారగుణం పెంచుతారు, పెంచకపోతే సయనైడ్ ఆవిరై పనివాళ్ళ మీదికొస్తుంది. పెద్ద తొట్లలో సయనైడ్, గాలి, బొగ్గు గుళికలు. కరిగిన బంగారం బొగ్గుకు అంటుకుంటుంది. బొగ్గును వడకట్టి, దానిమీంచి బంగారం దింపి, కరిగించి కడ్డీ పోస్తారు. మిగిలిన బురదలో సయనైడ్‌ను విరగ్గొట్టి కొత్త కట్టలోకి, అంటే చుట్టూ గట్టు పోసిన నిలవ మడుగులోకి, వదులుతారు.

చెడేది ఎక్కడంటే, మొదట నమూనాల దగ్గర. గుట్టలో పైన ఎండిన ఇసుక, లోపల తడి బంకబురద. మామూలు ఆగర్‌తో, అంటే మరలా తిరుగుతూ దిగే బరమాతో, తొలిస్తే పైది లోపలికి రాలుతుంది, కింది బురద జారిపోతుంది. నమూనా సంచిమీద 20 మీటర్లని రాసి ఉంటుంది, సంచిలో 12 మీటర్ల మట్టి ఉంటుంది. 0.7 అన్న సగటులో 0.1 తేడా పడితే మూడు టన్నుల బంగారం తేడా. రెండోది గంధక ఖనిజాలు. అవి సయనైడ్‌నూ గాలినీ తినేస్తాయి. ఖర్చు పెరుగుతుంది, బంగారం తగ్గుతుంది. అప్పుడు ఇంకా సన్నగా నూరితే దిగుబడి పెరుగుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మిగిలే దుమ్ము ఇప్పటికంటే మెత్తనవుతుందన్నది ఆ సలహాదారు బాలెన్స్ షీటులో ఉండదు.

మూడోది నీళ్ళు. ఏడాదికి 30 లక్షల టన్నులు శుద్ధి చేస్తే పదకొండేళ్ళ పని. వాడిన నీళ్ళు మళ్ళీ వాడినా, మిగులు మట్టిలో టన్నుకు పావుటన్ను నీళ్ళు చిక్కుకుపోతాయనుకుందాం. రోజుకు 20 లక్షల లీటర్లు. బెంగళూరు ఎండాకాలంలో వీధి చివర నిలబడే 6,000 లీటర్ల ట్యాంకర్లు 340. బేతమంగళ చెరువు నుంచి అన్ని నీళ్ళు పంచుకోమని కోలారు జిల్లాను అడిగే ముఖం ఎవరికుంది? గనిలో నిండిన నీళ్ళు వాడొచ్చు, ముందు పరీక్షలు చేయిస్తే. టెండరులో ఇది షరతుగా ఉండాలని నా పట్టు. లేకపోతే కొన్నాళ్ళకు నీళ్ళు చాలక, ధారకు బదులు పొక్లెయిన్లు, టిప్పర్లు దిగుతాయి. పొడిమట్టిని ఇనప తొట్టెతో కెలికితే ఆ పదకొండేళ్ళూ అండర్సన్‌పేటలో ఎవరూ కిటికీ తెరవరు.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, కొత్త కట్ట. అడుగున బంకమట్టి, దాని మీద ప్లాస్టిక్ పొర, ఊటనీళ్ళు పట్టే కాలువ, చుట్టూ పరీక్ష బావులు, నిండిన భాగం మీద ఎప్పటికప్పుడు మట్టి కప్పి గడ్డి వేయడం. బంగారం రాబడి పనికి మొదటి కొసన, కట్టను కప్పేసే ఖర్చు చివరి కొసన ఉంటాయి. నడుమలో బంగారం ధర పడితేనో, కంపెనీ చేతులెత్తేస్తేనో ఆ రెండో కొస ఎవరికీ చెందదు. అందుకే కప్పే డబ్బు ముందే బ్యాంకులో వేయించాలి. గుట్టలు కడగొచ్చంటాను నేను, ఈ ఒక్క షరతు మీద. ఇది లేకపోతే ఉన్నవాటిని ఉన్నచోటే కప్పి గడ్డి నాటడం మేలు, బంగారం పోయినా సరే.

అయితే వారసత్వం సంగతి?

ఇక్కడ నాకో సందేహం పీకుతూనే ఉంది. గుట్టలు వారసత్వం కాదని తోసిపుచ్చడం నాకంత తేలిక కాదు. ఆ కొండల్ని పోసినవాళ్ళు ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. ఎక్కువమంది దళితులు. వాళ్ళ పేరు మీద అక్కడ ఒక రోడ్డు ఉందో లేదో గానీ, బంగారం తవ్వే లైసెన్సు పట్టిన మాజీ సైనికుడు లావెల్ పేరున బెంగళూరులో నడిబొడ్డున రోడ్డుంది. 1802లో బ్రిటిష్ సైనికాధికారి వారెన్‌కు బంగారం చూపించింది ఉరిగాం, మారికుప్పం పల్లెల్లో మట్టి కడిగే జలగరులు. వారెన్ రాసిన రిపోర్టు చదివే 1870లలో లావెల్ కదిలాడు. ఇప్పుడు హెరిటేజ్ నడకల్లో చూపించేవి బంగళాలు, క్లబ్బులు, చర్చీలు. కూలీల చేతిపని అంత పెద్దగా కంటికి కనబడేది గుట్ట ఒక్కటే. దాన్నీ కడిగేస్తే వాళ్ళకు మిగిలేదేమిటి అని అడిగితే, గబుక్కున జవాబు దొరకదు.

ఆలోచించగా తోచింది ఇది. గుట్టను అడ్డంగా కోసి చూస్తే అది పొరలు పొరలుగా రాసిన దస్త్రం. అడుగున స్టాంపు మిల్లుల ముతక ఇసుక, పైకొచ్చేకొద్దీ బంతి మిల్లుల మెత్తటి బురద. ఏ రీఫు, ఏ కాలం, ఎంత బంగారం చేజారిందో పొర పొరకూ తెలుస్తుంది. ఆ దస్త్రాన్ని దాచడానికి 3.3 కోట్ల టన్నులూ దాచక్కర్లేదు. కడగడానికి ముందు ప్రతి గుట్ట నుంచీ కొస నుంచి అడుగుదాకా ఒక చెక్కుచెదరని కోరు, అంటే పొరల వరస చెదరని మట్టి కడ్డీ, తీయాలి. ఆగర్ పనికిరాదు, గొట్టాన్ని కంపనంతో దింపే డ్రిల్లు కావాలి, బురద జారకుండా పట్టేది. మీటరు మీటరుకు ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, రెండు కొసలా మైనం పోసి, పై కొస ఏదో బాణం గుర్తు వేయాలి (ఈ బాణం మరిచిపోయి పనికిరాకుండా పోయే కోర్లు బోలెడు). 13 గుట్టల కోర్లూ ఒక గోడకున్న అరల్లో సర్దుకుంటాయి. సగం కోలారులో, సగం బెంగళూరు మ్యూజియంలో పెట్టొచ్చు. పొడవునా కోసిన ఒక కోరు అద్దం వెనక నిలబెట్టి, పక్కన సిలికోసిస్ అంకెలు రాస్తే చాలు. గుట్ట ఎక్కి దిగిన ఫొటో కంటే ఎక్కువ చెప్తుంది.

కదలకుండా కాపాడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి మీద ఎవరికీ ఇంత ఆవేశం రాదు. ఒకటి షాఫ్టుల మీది ఇనప హెడ్‌గేర్లు, అంటే గనిలోకి దిగే నిలువు బావుల మీద లిఫ్టు తాడు నడిపే గోపురాలు. వాటికి తుప్పు పైన అంతగా పట్టదు, కాలు కాంక్రీటులో దిగేచోట నీళ్ళు నిలిచి పడుతుంది. ఇనుము దొంగలు ముందు సన్నటి అడ్డ బద్దీలు కోస్తారు. చూడ్డానికి హెడ్‌గేరు నిలబడే ఉంటుంది, గట్టి గాలికి కాలు మడుచుకుంటుంది. బద్దీలు తిరిగి బిగించి, పాదాల దగ్గర నీళ్ళు పోయే వాలు కట్టి, రంగు వేస్తే దశాబ్దాలు నిలుస్తుంది. షాఫ్టు నోటికి గాలిగొట్టం ఉంచి కాంక్రీటు మూత వేయాలి. వాతావరణ పీడనం పడిపోయిన రోజున లోపలి ప్రాణవాయువు లేని గాలి పైకి తేలి వస్తుంది. ఇనుము కోసం దిగి ఊపిరాడక పోయినవాళ్ళు ఉన్నారు.

రెండోది గని పటాలు. ఏ లోతున ఏ ఖాళీ, ఏ గోడ, ఏ తేదీన ఏ బరస్టు అన్నవి గుడ్డ మీద గీసిన కాగితాలు. నీళ్ళు నిండిన గనికి ఇక అవే కళ్ళు. ఊరి కింద ఎక్కడ కుంగుతుందో చెప్పేవి కూడా అవే. వాటిని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టడానికి ఒక్క గుట్ట బంగారంలో అరలీటరు చాలు.

మూడోది ఛాంపియన్ రీఫులో హీత్‌కోట్ షాఫ్టు. 1965లో 7,600 అడుగుల లోతున టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా, డరమ్ విశ్వవిద్యాలయాల వాళ్ళు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పట్టుకున్నారు. ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాల్ని రెండు కిలోమీటర్ల రాయి వడకట్టేస్తుంది, న్యూట్రినో ఒక్కటే దూసుకొస్తుంది. ప్రపంచంలో మొదటిసారి ఆ పని చేసిన చోట్లలో అదొకటి. నాలుగోది పెద్దపల్లి బండ. స్మారకమని బోర్డున్నా, క్వారీవాళ్ళ సుత్తికి దిండు లావా, మామూలు కంకర ఒకటే.

బెంగళూరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు ఇచ్చింది కోలారు గనులకు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో, గనులకు పోగా మిగిలిన కరెంటుతో. ఇప్పుడు ఆ గనుల ఊరి నుంచి వేలమంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరొచ్చి పనిచేసి రాత్రికి తిరిగి పోతున్నారు. కాబట్టి కోలారు గుట్ట మీద అభిప్రాయం చెప్పే హక్కు బెంగళూరుకు ఉందా అంటే, బాకీ ఉన్నవాడికి ఎంత ఉంటుందో అంత ఉంది.

ఆ ఆదివారం సభ ముగిశాక మారికుప్పం ఆయన్ని ఎవరో అడిగారు, "అన్నా, మరి మీరేమంటారు, గుట్ట ఉండాలా పోవాలా?" అని. ఆయన బండి టైము చూసుకుంటూ చెప్పులేసుకుంటున్నాడు. "యాడికి పోతాది సార్?" అన్నాడు. "మా ఇంటి ముందర నుంచి తీసి యాడ పోస్తారో, ఆ తావు పేరు చెప్పమను ముందు."